ఏడో చుట్టులో ఆగిన పొద్దు

కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పాలావిడ. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. బడి మొహం చూడకుండా నాన్నగారి దగ్గరే చదువుకుని, ఇంటర్ ప్రైవేటుగా కట్టి పాసైనదాన్ని. ఆ చదువుతోనే రాతపరీక్ష గట్టెక్కాను. ఆయన ఋణం తీరేది కాదు. ఇక మిగిలింది ఏలూరులో పరుగు పరీక్ష. అది నేర్పేవాళ్ళు ఎవరూ లేరు.

మాది కొల్లేరు పక్క ఊరు. పరిగెత్తడానికి చేపల చెరువు గట్టే దిక్కు. ఇటు చెరువు, అటు మురుగుకాలువ. మొదలుపెడితే చుట్టు తిరిగి రావలసిందే, మధ్యలో దిగే దారి లేదు. అది చాలదన్నట్టు నా చుట్టూ నేనే ఇంకో కంచె వేసుకున్నాను. చెరువు కుడిచేతి వైపు ఉంటుంది కనుక ఇవీ ప్రదక్షిణలే అనుకుని, రోజుకు పదకొండు చేస్తానని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. సగంలో ఆపితే అపచారం కదా!

పరీక్ష ఎనిమిది రోజులుందనగా నిద్ర లేచేసరికే గుండె దడదడలాడడం మొదలైంది. అన్నం సహించేది కాదు. పిక్కలు రాళ్ళయ్యాయి. అయినా తిరిగాను.

అలా తిరుగుతున్న ఒక పొద్దున, ఏడో చుట్టులో చెరువు కాపలాదారు భార్య పాకలోంచి కేకేసింది. "ఏమ్మా, మొన్న గుర్రంలా వెళ్ళేదానివి, ఇవాళ గానుగెద్దులా తిరుగుతున్నావేంటి?"

"మొక్కండీ. ఇంకా నాలుగున్నాయి."

"మబ్బేసిన రోజు చేపకి మేత ఆపేస్తాం, తెలుసా? తినే ఓపిక దానికుండదు. రోజూ వేసేదే కదా అని వేస్తే, మేత కుళ్ళి చేప తేలిపోద్ది. నీ కాళ్ళకి ఇవాళ మబ్బేసింది. ఆగు."

"స్వామికి కోపం రాదాండీ?"

"సముద్రం దాటినాయన నీ చుట్లు వేళ్ళమీద లెక్కెట్టుకుంటా కూర్చున్నాడా?"

నవ్వబోయి ఏడ్చాను. మేత బస్తా మీద కూలబడ్డాను. మిగిలిన నాలుగు చుట్లూ రెండు రోజులపాటు మంచం మీద కూడా నా తలలో తిరుగుతూనే ఉన్నాయి. మూడోనాడు గట్టెక్కితే కాళ్ళు నావే అనిపించాయి. అప్పటినుంచీ ఒకటే గుర్తు పెట్టుకున్నాను: పరిగెడుతూ స్వామి నామం పైకి అనగలిగితే సాగాలి, పెదవి కదిలినా నామం రాకపోతే ఇంటికి రావాలి.

ఏలూరులో ముగింపు గీత దాటాక కూడా నామం నోట్లోనే ఉంది.

పరుగు నెగ్గానని ఆవిడకు చెబుదామని మిఠాయి పట్టుకుని వెళ్తే చెరువు ఎండగట్టి ఉంది, పాక ఖాళీ. వేరే చెరువుకి వెళ్ళిపోయారట. ఆవిడ పేరైనా అడగలేదు నేను. మీరు కొల్లేరు మీదుగా వెళ్ళేటప్పుడు గట్టు మీద పాక కనిపిస్తే, నన్ను ఆపిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.