ఎదురుబళ్ళ ఆట

పర్చూరు దాటాక ఒక పంటకాలువ మీద అప్పట్లో ఒక్క బండి మాత్రమే పట్టే తూము ఉండేది. తొంభైల చివర్లో ఒక మిరపకోతల కాలంలో నేనెక్కిన బస్సు ఆ తూముకు కాస్త ఇవతల ఆగిపోయింది. అవతలి గట్టున మిర్చి టిక్కీ బస్తాలు ఎత్తుగా కట్టిన లారీ. ఇవతల మా బస్సు ముందు, రోడ్డంతా తానే అయి నిలబడ్డ పత్తి ట్రాక్టరు. డ్రైవర్లిద్దరూ మర్యాదస్తులే. ట్రాక్టరు వస్తుందని లారీ ఆగింది. లారీ వస్తుందని ట్రాక్టరు ఆగింది. కాసేపు చూసి, ఎదుటివాడు దారి ఇచ్చాడనుకుని ఇద్దరూ ఒకేసారి కదిలారు. నాలుగు గజాలు వచ్చి ఇద్దరూ ఒకేసారి బ్రేకు వేశారు. మళ్ళీ ఆగారు, మళ్ళీ కదిలారు. మూడోసారికి బస్సులో జనం నవ్వడం మొదలుపెట్టారు. చివరికి మా కండక్టరు దిగి, ట్రాక్టరును పక్కకు జరిపించి, లారీకి చెయ్యి ఊపాడు.

నేనప్పుడు చీరాలలో ఒక దినపత్రికకు విలేకరిని. ట్రాఫిక్ నిలిచిపోయిందని నాలుగు లైన్లు రాసి పంపాను. అవి అచ్చు కాలేదు. కానీ ఆ తూము మాత్రం నా బుర్రలోంచి పోలేదు. అక్కడ ఎవరిదీ తప్పు లేదు. ఎదుటివాడి మనసులో ఏముందో ఇద్దరూ సరిగ్గానే ఊహించారు. ఇద్దరూ ఒకేసారి ఊహించడం వల్ల ఇద్దరి ఊహా తప్పింది. చదరంగంలో ఇలా జరగదు. పులిజూదంలోనూ జరగదు. ఒకడు కదిపాక రెండోవాడు చూసి ఆలోచిస్తాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడకుండా నిర్ణయించుకుని, ఒకేసారి కదిపే ఆట ఎలా ఉంటుంది?

ఈ సంగతి నేను చెప్పిన మొదటి మనిషి మా వీధిలో చీరల అంచులకు డిజైన్లు గీసే ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద. అందరూ మాస్టారనే పిలిచేవారు. ఇంట్లో ఒక మగ్గం ఉండేది గానీ ఆయన అసలు పని గ్రాఫు కాగితం మీద. నెమలి కంఠం ఎన్ని గళ్ళు, తోక ఎన్ని గళ్ళు అని ఎర్ర పెన్సిలుతో నింపి ఇస్తే, దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గానికి ఎక్కించేవారు. నా మాట విని ఆయన కాగితాల కట్టలోంచి ఒకటి లాగి, పదికి పది గళ్ళు గీసి, మధ్యలో కాలువ, దాని మీద తూము వేశాడు.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు ఆయన అరుగు మీదే గడిచాయి. ఒక్కొక్కరికి అయిదేసి బళ్ళు. నావి మిర్చి లారీలు, ఆయనవి పత్తి ట్రాక్టర్లు. ఏ బండి ఎటు కదలాలో ఇద్దరం చెరో చీటీ మీద రాసి, మడిచి, టీ గ్లాసు కింద పెట్టాలి. రెండు గ్లాసులూ ఒకేసారి ఎత్తాలి. మూడు బళ్ళు అవతలి గట్టుకు చేర్చినవాడు గెలిచినట్టు. నీళ్ళలో పడ్డ బండి పోయినట్టే. రెండు బళ్ళు ఒకే గడిలోకి వస్తే రెండూ ఉన్నచోటికే పోవాలి.

ఈ చివరి నియమం మమ్మల్ని ముంచింది. ఒకరోజు తూము ముందు ఆయన ట్రాక్టరు, నా లారీ ఎదురుపడి వరుసగా పదకొండు చీటీల దాకా గుద్దుకుంటూనే ఉన్నాయి. పర్చూరు తూమే మళ్ళీ. అక్కడంటే కండక్టరు ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారు? పందెం గవ్వ వేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. గవ్వ వేస్తే ఇక బుర్రెందుకన్నాడు. రెండు రోజులు ఆలోచించి ఆయనే ఒక దారి చెప్పాడు. కిందటి చీటీలో ‘ఆగు’ అని రాసిన బండికి ఈసారి తూము మీద మొదటి హక్కు. అంతే. ఆ ఒక్క మాటతో ఆట ప్రాణం పోసుకుంది. ఆగితే హక్కు వస్తుంది, నిజమే. కానీ నువ్వు ఆగుతావని పసిగడితే ఎదుటివాడు ఈలోపే తూము దాటిపోతాడు.

ఆయన దాదాపు ప్రతిసారీ నన్ను ఓడించేవాడు. ఎలాగని అడిగితే కొంచెం మొహమాటపడి చెప్పాడు.

“మీరు వార్త రాసినట్టే ఆడతారండీ. అసలు సంగతి మొదటి బండిలోనే పెట్టేస్తారు. మిగతా నాలుగూ చదవక్కర్లేదు.”

మర్నాటి నుంచి అసలు ఎత్తు అయిదో బండిలో పెట్టాను. రెండాటల్లో అదీ కనిపెట్టేశాడు. అంచులో ఏ పువ్వు ఎన్ని గళ్ళకోసారి తిరిగి వస్తుందో చూడటం జీవితమంతా చేసిన పని ఆయనకు. నా చీటీల్లోనూ అలాంటి పువ్వులేవో కనపడేవి కాబోలు.

ఒకరోజు గ్లాసులు కడుగుతూ, మనసులో చాలాకాలంగా ఉన్నది అడిగాడు. ఈ ఆట పేపర్లో వేయించగలరా అని. వేస్తే తన పేరు ఉంటుందా అని. ఆయన గీసిన అంచులు కట్టుకున్న ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో బస్టాండుల్లో ఎదురవుతూనే ఉండేవారు. ఆ చీరల మీద షావుకారు కొట్టు ముద్ర ఉండేది. అదేమీ అన్యాయమని ఆయన అనలేదు. ఎవరు గీశారని ఎవరూ అడగరు, అడిగే అలవాటు లేదు, అంతే అన్నాడు. “ఒక్కచోట ఉంటే చాలండీ. చిన్న అక్షరాలైనా పర్లేదు.”

గుంటూరులో పిల్లల పేజీ చూసే పెద్దాయనకు ఫోను చేశాను. ఆయన విన్నాక ఒక షరతు పెట్టాడు. ఈ ఆట ఎన్నడూ చూడని ఇద్దరికి కాగితం ఇవ్వాలి. నేను గానీ మాస్టారు గానీ నోరు విప్పకూడదు. వాళ్ళు తగువు పడకుండా ఆట ముగించగలిగితే అరపేజీ ఇస్తాడు. పేరు విడిగా వేసేంత చోటు లేదు, బొమ్మ మూలన మాస్టారినే రాసుకోమన్నాడు.

మాస్టారు నాలుగు రోజులు కూర్చుని బొమ్మ సాపు గీశాడు. కాలువ ఎడమ పక్క పైనుంచి మొదలై, మధ్యలో వంగి, కుడి పక్క కిందికి దిగాలి. కాగితం ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండాలని, ఆటగాళ్ళిద్దరికీ సమన్యాయం జరగాలని మేం ఎంతో ఆలోచించి పెట్టిన వంపు అది. మూలన, చీమ తలకాయంత అక్షరాలతో, ఆయన పేరు. నేను నియమాలు రాశాను, ముందుకు, కుడికి, ఎడమకి అంటూ ఒక ఉదాహరణతో సహా.

పరీక్షకు మా వీధి చివర జాకెట్లు కుట్టే సాయిబు గారిని, ఆయన భార్యను అడిగాం. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది. ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మేమిద్దరం గోడకానుకుని, మాట్లాడకూడదు కాబట్టి బఠాణీలు నములుతూ కూర్చున్నాం. ఆమె కాగితం రెండుసార్లు చదివి, ఉదాహరణలో ఉన్నట్టే మొదటి ఎత్తులు రాసింది. గ్లాసులెత్తారు. ఎత్తు ప్రకారం బండి జరిపితే అది నేరుగా నీళ్ళలోకి వెళ్ళింది.

“పోయింది నీ లారీ,” అన్నాడు సాయిబు గారు, హాయిగా.

“నేను కాగితంలో ఉన్నట్టే చేశాను. ఇక్కడ తూము అని రాశారు, బొమ్మలో నీళ్ళున్నాయి.”

“చూసి నడుపుకోవాలి. డ్రైవరువి నువ్వు.”

“కొలతలు కూడా నువ్వు ఇలాగే తీస్తావు కాబట్టే ఆ జాకెట్టు తిరిగొచ్చింది.”

తగువు మొదలైంది. ఈలోపు మాస్టారు నమలడం ఆపేశాడు. లేచి వెళ్ళి బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. కాలువ కుడి పక్క పైనుంచి మొదలై ఎడమ పక్క కిందికి దిగుతోంది. బొమ్మ మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

ఆయన మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. మంచి వైపు కిందికి ఉంటుంది. నేసేవాడికి కనపడేది వెనక వైపు. అంచు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి పడుగు దారాల కింద చిన్న అద్దం పెట్టుకుంటారు. అందుకని సాపు డిజైను ఎప్పుడూ తిరగేసి గీయడం ఆయనకు అలవాటు. చిత్తు కాగితాల మీద ఆడినన్నాళ్ళూ కాలువ సరిగ్గానే ఉంది. సాపు అనగానే చెయ్యి తన దారిన తాను పోయింది. పేరు మాత్రం ఎప్పుడూ రాసి ఎరగడు కాబట్టి అది తిన్నగా వచ్చింది. గీసేటప్పుడు పక్కనే కూర్చున్న నేనూ గమనించలేదు.

ఆయన మొహం చూడలేకపోయాను. ఆట పోయిందనే అనుకున్నాడు. సాయిబు గారి భార్యే టీ పెట్టి, “మళ్ళీ గీసి తీసుకురా అన్నా. ఈయన్ని నీళ్ళలో తొయ్యకుండా నేను ఊరుకోను,” అంది.

ఈసారి కుడి, ఎడమ అనే మాటలు తీసేశాం. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకు ఎవరి కుడి అన్నది ఎప్పటికీ తెగదు. గళ్ళకు నిలువుగా అంకెలు, అడ్డంగా అక్షరాలు పెట్టి, ఆ గడి పేరే చీటీలో రాయమన్నాం. తరువాతి శుక్రవారం వాళ్ళు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా మూడాటలు ఆడారు. మూడో ఆటలో ఆమె రెండుసార్లు వరుసగా ‘ఆగు’ అని రాసి, ఆయన్ని తూము ముందు నిలబెట్టి, మూడు లారీలు దాటించేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇది ఆగడం తనెప్పుడూ చూడలేదని, అందుకే మోసపోయానని సాయిబు గారు నమాజుకు లేస్తూ అన్నాడు.

పేజీ కట్టే రోజు నేను గుంటూరు వెళ్ళాను. బొమ్మను కెమెరా గదిలో ఫొటో తీసి ప్రింటు చేశారు. అంకెలు, అక్షరాలు విడిగా కంపోజు చేయించి చుట్టూ అంటించారు. ప్రూఫు చూసింది నేనే. ప్రతి అంకె చూశాను, నియమాల్లో ప్రతి మాట చూశాను, సంతకం పెట్టాను.

ఆదివారం పొద్దున పేపరు విప్పితే కాలువ కుడి పక్క పైనుంచి మొదలై ఎడమ పక్క కిందికి దిగుతోంది. కెమెరా గదిలో నెగటివు తిరగబడింది. మూలన చూశాను. చీమ తలకాయంత అక్షరాలు, అన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. ఏదో పువ్వు అనుకోవచ్చు. మొదటిసారి తప్పుగా గీసిన బొమ్మే ఇచ్చి ఉంటే ఈ ఆదివారం కాలువ సరిగ్గా వచ్చి ఉండేది. పేరు మాత్రం అప్పుడైనా ఇంతే.

పేపరు పట్టుకుని వెళ్ళాను. ఏమని చెప్పాలో దారిలో రెండు రకాలుగా అనుకున్నాను. ఆయన అప్పటికే కొనుక్కుని చూస్తున్నాడు. తప్పు నాదేనని, వచ్చే వారం సవరణ వేయిస్తానని, అందులో పేరు పెద్దక్షరాల్లో ఉంటుందని చెప్పాను.

“నేను చదువుకోగలిగానండీ,” అన్నాడు. “పొద్దున్నుంచీ నాలుగుసార్లు చదివా.”

సవరణ వేశారు. పేరు తిన్నగా, స్పష్టంగా వచ్చింది. సత్తెనపల్లి నుంచి, అద్దంకి నుంచి ఉత్తరాలు వచ్చాయి. లారీ ఎందుకు నీళ్ళలో పడిందని కొందరు, ‘ఆగు’ అని ఇద్దరూ రాస్తే ఎవరిది హక్కని ఒకరు అడిగారు. ఈ రెండోది మేం ఆలోచించనే లేదు. దాని మీద ఇంకో పక్షం రోజులు గ్లాసులు బోర్లించాం.

ఆ వేసవిలో ఒకసారి వెళ్తే ఆయన మగ్గం మీద ఉన్నాడు. ఎదురుగా గోడకు సవరణ కాగితం ఎక్కడైనా ఉందేమోనని చూశాను. లేదు. అంచు ఎలా పడుతోందో చూడమని ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టి, కింది అద్దంలోకి వంగమన్నాడు. అద్దంలో పసుపు జరీ అంచు మంచి వైపు కనపడింది. దాని పక్కనే, మగ్గం కర్ర అడుగున, మొదటి ఆదివారం పేపర్లోంచి కత్తిరించిన చిన్న ముక్క అంటించి ఉంది. అద్దంలో ఆయన పేరు తిన్నగా ఉంది.