మౌలాలి నుంచి లింగాల ఘనపూర్‌కు, పొద్దు గూకేలోపు

పల్లెలో ఇల్లు, సిటీలో పని పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మామూలు రోజు గురించి రాస్తే మీకేం లాభం లేదు. మామూలు రోజు ఎవరైనా పోయొస్తారు. రైళ్లు ఆగి, బస్సులు సమ్మెలో ఉన్న రోజున ఒక ఆడమనిషి మౌలాలి నుంచి జనగామ అవతలి ఊరికి ఎట్లా చేరిందో రాస్తాను. దారి, చార్జీలు అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఏరుకోండి.

నాది మౌలాలిలో రెడీమేడ్ బట్టలు కుట్టే కార్ఖానాలో పని. పుట్టిల్లు భూపాలపల్లి, అత్తగారిల్లు లింగాల ఘనపూర్. "ఇంత దూరం తిరిగే బదులు సిటీలోనే గది తీసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా జీతంలో సగం పోసి కిటికీ లేని గదిలో, బిందెడు నీళ్ల కోసం ఓనరమ్మ మొహం చూస్తూ ఎందుకు బతకాలి? ఊళ్లో గాలి ఉంది, రెండెకరాల మక్కచేను ఉంది. మా ఆయన చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు బాగుచేస్తాడు.

అయితే మా అత్త సాయవ్వ పెట్టిన షరతు ఒకటి ఉంది. "పొద్దు గూకేటాళ్లకు ఇంట్ల ఉండాలె. ఒక్క దినం తప్పినా పని బందు వెట్టుడే." పెళ్లయిన మూడో నెలలో అన్నది ఆ మాట. అప్పటినుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు. పొద్దుటి షిఫ్టు చేసుకొని మధ్యాహ్నం పుష్‌పుల్ రైలు ఎక్కితే పొద్దుండగానే గడపలో ఉంటాను. నా ఉద్యోగం ఆ బండి చక్రాల మీదే నడుస్తున్నది.

ఆ రోజు చీకటితోనే లేచాను. వాకిట్లో పెద్ద వంట గంజు తోమి బోర్లించి ఉంది. పెళ్లిళ్లకు, బోనాలకు తప్ప అటక దిగని గంజు అది. "ఇదెందుకు దించినవత్తా?" అంటే "చిలుం వడుతాందని తోమిన. నీకు బండి దొరకదు, నడువు" అంది. ఆటోకు పదిహేను రూపాయలిచ్చి జనగామ చేరి బండెక్కాను. రైలుకు సీజన్ పాసుంది. మా ఆడోళ్ల బోగీలో జనగామ వాళ్లం చున్నీలు పరిచి ఆలేరులో ఎక్కేవాళ్లకు సీట్లు ఆపుతాం. ఆలేరు వాళ్లు మాకు పచ్చిమిరపకాయ బజ్జీలు తెస్తారు. ఆ రోజూ తెచ్చారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం పెట్టిన రైల్ రోకో మరునాటినుంచి అనుకున్నాం. మధ్యాహ్నం కాకముందే కబురొచ్చింది, భువనగిరి అవతల జనం పట్టాల మీద కూర్చున్నారని. సూపర్‌వైజర్ నా యాసను వెక్కిరిస్తూ "ఏందీ, మీవోళ్లే ఆపిన్రంట గద, నడుసుకుంట పో" అన్నాడు.

"మావోళ్లే ఆపిన్రు. మళ్ల ఆపుతరు. నువ్వు సక్కగ మాట్లాడుడు నేర్సుకో" అన్నాను. అన్నానే గానీ, రాష్ట్రం కావాలని ఊరేగింపుల్లో గొంతు చించుకున్నదాన్నే, ఆ పూట పట్టాల మీద కూర్చున్నవాళ్లను మనసులో తిట్టుకున్నాను. మా ఆయన రెండు రోజుల కింద బయ్యారం దిక్కు మోటారు పనికి పోయాడు. ఫోన్ చేస్తే, "అమ్మతోని నువ్వే మాట్లాడుకో, నన్ను నడుమ గుంజకు" అని పెట్టేశాడు. అత్తకు ఫోన్ లేదు.

సగం పూట జీతం పోతే పోయిందని ఒంటిగంటకు బయటపడ్డాను. మౌలాలి నుంచి ఉప్పల్‌కు షేర్ ఆటో, పది రూపాయలు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్‌కు సెవెన్ సీటర్ ఆటో. మామూలుగా పదిహేను, ఆ రోజు నలభై. బేరమాడితే దించేస్తారు, ఆడకండి. ఘట్‌కేసర్ బైపాస్ దగ్గర ఖాళీ డీసీఎం వ్యాన్ ఆపాను. కేసముద్రం మార్కెట్‌కు మక్కల లోడు కోసం పోతున్నది. డ్రైవర్ లచ్చన్నది మానుకోట దగ్గర తండా. ఫోన్‌లో ఇంటివాళ్లతో లంబాడీలో మాట్లాడి, నా దిక్కు తిరిగి, "జనగామకా? యాభై ఇయ్యి చెల్లె" అన్నాడు.

దారంతా పొద్దు దిక్కే చూస్తున్నాను. చివరికి లచ్చన్న అడిగాడు, "ఏందే చెల్లె, గంతగనం పరేషానైతున్నవ్?"

చెప్పాను. విని పకపకా నవ్వాడు. "మీ అత్త ఠాణాల పనిచేస్తదా ఏంది? సంతకం వెట్టాల్నా?"

"నవ్వకు అన్నా. నా నౌకరి పోతది."

నవ్వు ఆపి గేరు మార్చాడు. అక్కణ్నుంచి బండి ఉరికింది. కానీ ఆలేరులో రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి ఉన్నాయి. వంటావార్పు. రోడ్డు మీదే వండుతారు, రోడ్డు మీదే తింటారు, బండ్లు ఎక్కడివక్కడే ఆగుతాయి. గంటె పట్టుకున్న ఒక ముసలవ్వ కిటికీ దగ్గరికొచ్చింది.

"దిగుండ్రి, తినుండ్రి. తినకుంట పోతే బండి కదలనియ్య."

"అవ్వా, పొద్దు గూకేటాళ్లకు నేను ఇంట్ల ఉండాలె."

"ఉందువు తియ్యి బిడ్డా. యాభై ఏండ్ల సంది రాష్ట్రం కోసం కూసున్నం, నువ్వు గంట కూసోలేవా?"

దిగాం. ఇస్తరాకులు అయిపోయాయి. లచ్చన్న సీటు కింది నుంచి తన స్టీలు పళ్లెం తీసి హాయిగా కూర్చున్నాడు. నేను టిఫిన్ డబ్బా మూతలో అన్నం, పచ్చిపులుసు పెట్టించుకుంటే పులుసు సగం మోచేతి మీదికి కారింది. కోపంలో కూడా చెప్పాలి, పులుసు మాత్రం అదిరింది. లేచేసరికి పొద్దు తాటిచెట్ల తలలకు దిగింది. పెంబర్తి దాటుతుంటే పూర్తిగా గూకింది. రేపటినుంచి మిషన్ లేదు, బోగీ లేదు అనుకుంటూ కూర్చున్నాను. లచ్చన్న రేడియో ఆపేశాడు.

జనగామ చౌరస్తాలో మళ్లీ అడ్డం. లారీల లైట్ల వెలుగులో పొయ్యిలు, నూరు మంది ఆడోళ్లు. ఒకామె మా బండి ముందుకొచ్చి బానెట్ మీద గంటెతో కొట్టింది.

"ఆపు! తినకుంట ఎటు పోతవ్ రా?"

గొంతు తెలిసినట్టే ఉంది. ఆమె వెనక పొయ్యి మీది గంజు చూశాను. అంచు మీద మా మామ పేరు, కింద ఊరి పేరు చెక్కి ఉన్నాయి. దిగాను. అత్త నన్ను చూసింది. నేను అత్తను చూశాను. గంటె నుంచి పప్పు రోడ్డు మీద బొట్లు బొట్లుగా పడుతున్నది. ముందు నాకే నోరు లేచింది.

"అత్తా, ఇంట్ల దీపమెవలు ముట్టిచ్చిండ్రు?"

"దీపమెందుకే? ఈడ పొయ్యి ముట్టిచ్చినం గద!" అని కసిరింది. మళ్లీ తనే, "నిలవడి సూస్తవేంది? గా పులుసు బకెట్ అందుకో" అంది.

కిటికీలోంచి లచ్చన్న, "అత్తా, సంతకం ఏడ వెట్టాలె?" అని అరిచాడు. అత్తకు అర్థం కాలేదు. నేను మాత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా నవ్వాను.

మా ఊరి పొదుపు సంఘం ఆడోళ్లంతా ట్రాక్టర్‌లో వచ్చారట. తిరుగు ప్రయాణం అందులోనే, చార్జీ లేదు, గంజు పక్కన కూర్చోవాలి అంతే. ఎవరో అత్తను ఎగతాళి చేశారు: "ఏమే సాయవ్వా, కోడలు పొద్దు గూకేటాళ్లకు రావాలంటివి గద?"

"అచ్చింది గద! నేనున్న కాడికే అచ్చింది" అంది అత్త, నా భుజానికి ఒరిగి.

ఆ షరతును ఆమె ఎత్తేసినట్టు ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఇప్పటికీ ఉందనే అంటుంది. కానీ రైళ్లు మొదలైన పొద్దున నాకంటే ముందు లేచి డబ్బా కట్టింది, బండి ఆలస్యమైతే ఎందుకని అడగడం మానేసింది. సిటీలో పని పెట్టుకొని పల్లెలో బతకడం సుఖమని నేను చెప్పను. బండి ఆలస్యమవుతుంది, నడుము విరుగుతుంది, వెక్కిరించేవాడు వెక్కిరిస్తూనే ఉంటాడు. కానీ దూరమంటే కిలోమీటర్లు కాదని, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి అని నాకు ఆ రోజు తెలిసింది. ఆ మనిషి కూడా ఒకసారి రోడ్డెక్కితే దారి సగమవుతుంది. మీరు బందు రోజున ఈ దారిలో పోతుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: సంచిలో ఒక స్టీలు పళ్లెం వేసుకోండి. ఎక్కడ ఆపితే అక్కడ వాదించకుండా దిగి తినండి.