ఎవరూ ఏమీ పెట్టలేదట

మొన్న క్రిస్మస్ మర్నాడు కావలిలో మా ఎదురింటి అమ్మాయి, వాంతులతో నీరసించిపోయిన కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని మా వరండాలో కూలబడింది. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరో దానికి కేకు పెట్టారు. ఎవరన్నది మాత్రం తేలడం లేదు. "ఎవర్నడిగినా మేం కాదంటే మేం కాదంటారు ఆంటీ! ఎంత తినిందో తెలీకుండా డాక్టరుకి ఏం చెప్పేది?" అని ఆ పిల్ల ఏడుపుగొంతుతో అంటుంటే, చిట్టమూరు దగ్గర పల్లెలో నేను టీచరుగా చేరిన తొలి రోజులూ, మా అత్తగారూ, మా గోధుమరంగు కుక్కా గుర్తొచ్చి, ఆనాటి చిరాకంతా మళ్లీ పైకి తన్నుకొచ్చింది.

ఆ కుక్కది సున్నితమైన కడుపు. పాలన్నం తప్ప ఏం తిన్నా పడేది కాదు. బడికి బయల్దేరే ముందు రోజూ అందరికీ చెప్పేదాన్ని, అందరూ బుద్ధిగా తలలూపేవాళ్లు. నేను సందు మలుపు తిరగ్గానే పక్కింటి అక్క చేపల పులుసన్నం, వెనకింటి సాయెబుగారి అమ్మ బొమికలు, మా అత్తగారు తన కంచంలో సగం పెట్టేసేవాళ్లు. సాయంత్రం వాకిలి కడుక్కోవడం నా వంతు.

ఆ ఏడు పండక్కి కేకు చేద్దామని ఎండుద్రాక్ష తెచ్చి గూట్లో పెట్టాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి కుక్క బావి పక్కన వాంతుల మధ్య పడి ఉంది. పిలిస్తే తోకైనా కదపలేదు, నీళ్లు పోస్తే మూతి తిప్పుకుంది. మావారు పరుగున వెళ్లి పశువుల డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు. ఏం తిన్నదని ఆయన అడిగితే, "పాలన్నమే సార్, ఇంకేం పెడతాం?" అన్నారు మా అత్తగారు. పక్కింటి అక్కయితే, ఈ పూట అది మా గడపే తొక్కలేదని ఒట్టు పెట్టుకుంది. అది కళ్ల ముందే పోయేలా ఉంది, ఒక్కరూ నోరు విప్పరు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంతలో అది మరోసారి కక్కింది. అందులో ఉబ్బిన ఎండుద్రాక్ష. అందరి చూపూ మా అత్తగారి మీదికి మళ్లింది.

"గుప్పెడే గదమ్మా పెట్టినాను. అట్టా కళ్లల్లోకి చూస్తా కూచోనుంటే, మనమే ఎట్టా తినేది?"

ద్రాక్ష కుక్కలకు విషమని ఆ రోజుల్లో డాక్టరుగారికీ తెలిసినట్టు లేదు. అయినా సెలైను ఎక్కించి, ఆ పూట ఏమీ పెట్టొద్దని గట్టిగా చెప్పి వెళ్లారు. రెండు మూడు రోజులకు అది తూలుతూ లేచి నిలబడింది. నేను ఆనందపడేలోపే, పాపం చిక్కిపోయిందంటూ పక్కింటి అక్క వేయించిన ఎండుచేప పట్టుకొచ్చింది. అప్పుడు నేను అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. చాలా రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. కుక్కకు మాత్రం పెడుతూనే ఉన్నారు.

ఎదురింటి కుక్కపిల్ల సాయంత్రానికే తేరుకుంది. ఇక మీదట తన చేత్తో వేసే ప్యాకెట్టు మేత తప్ప దానికి వేరే తిండి లేదంది ఆ అమ్మాయి. అదే సరైన పద్ధతి, నేనూ ఒప్పుకుంటాను. కానీ మా వీధిలో గేట్లన్నీ మూసే ఉంటున్నాయి. కుక్కల సంగతి అటుంచి, మనుషులకే పక్కింటి నుంచి కూరగిన్నె వచ్చి ఎన్నేళ్లయిందో! మా అత్తగారి మీదా, ఆ ఇరుగుపొరుగు మీదా నాకింకా కోపం పోలేదు. కోప్పడదామంటే వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.