దీవెన చెప్పకుండా వెళ్ళిన మాట

2023లో నేను కర్నూలులోని ఒక విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం పిల్లలకు అకడమిక్ రైటింగ్ చెబుతున్నాను. కథలూ ఉత్తరాలూ కాదు, ఒక అభిప్రాయాన్ని ఆధారాలతో, వరుసగా ఇంగ్లీషులో రాయడం. నా భార్య ఉద్యోగం కడపలో. కూతురు ఆమె దగ్గరే ఉండేది. నేను బస్టాండు వైపు ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. సాయంత్రం తాళం తీసేసరికి పొద్దున తాగిన కాఫీ గ్లాసు పెట్టినచోటే ఉండేది.

ఆ కోర్సులో మొదట నేర్పేది టాపిక్ సెంటెన్స్. పేరాలో మొదటి వాక్యమే విషయం చెప్పేయాలి, మిగతావన్నీ దానికి అండగా నిలవాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఒకపట్టాన మింగుడుపడదు. వాళ్ళలో దీవెన అనే అమ్మాయికి అసలు పడలేదు. కోడుమూరు దగ్గరి పల్లె ఆమెది. తండ్రికి కొంచెం మెట్ట పొలం ఉంది. మొదటి పేరా వేసవిలో నీళ్ళ గురించి రాసింది. అవ్వ లేవడం, చర్చి గంట మోగడం, బిందెలు వరుసలో పెట్టడం, పక్కింటామెతో తగువు, అన్నీ అయ్యాక చిట్టచివర, మా ఊళ్ళో నీళ్ళు లేవని ఒక వాక్యం. ఆ వాక్యం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, బాణాన్ని పేజీ పైదాకా లాగాను.

“ముందే చెప్పేస్తే ఇంక చదివేదానికి ఏముంటాది సార్?” అని క్లాసులోనే అడిగింది.

“దిద్దేవాడికి నీ బిందెలన్నీ లెక్కపెట్టే తీరిక ఉండదమ్మా,” అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం దీవెన డిపార్ట్‌మెంటులో నా గది తలుపు దగ్గర నిలబడింది. నేను పేపర్లు దిద్దుతున్నాను. పక్క టేబుల్ దగ్గర మరో లెక్చరర్ ఉన్నాడు.

“సార్, మా ఊర్లో ఈసారి వాన ల్యా సార్. ఉల్లిగడ్డంతా ఎండిపాయ.”

“ఊఁ.”

“మా నాయన బేతంచెర్లకు పోతాండె సార్, బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీకి. ఈ నడుమ ఆడ...”

“దీవెనా, టాపిక్ సెంటెన్స్ ఎక్కడ?”

పక్కనున్నాయన పగలబడి నవ్వాడు. దీవెన కూడా నవ్వబోయి ఆగింది. “ఏమీ లేదు సార్. ఊరికే వచ్చినా,” అని వెళ్ళిపోయింది. నా చమత్కారం నాకే నచ్చింది. మర్నాడు స్టాఫ్ రూంలో మరో ఇద్దరికి చెప్పుకున్నాను కూడా.

తర్వాత ఆమె క్లాసుకు రాలేదు. హాజరు పిలిచినప్పుడు ఆ పేరు దగ్గర ఒక క్షణం ఆగి ముందుకు పోయేవాణ్ణి. పండగ సెలవుల్లో ఊరికి పోయి ఆగిపోయిందేమో అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. చివరికి హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉన్న రెహానా అసైన్‌మెంట్ ఇవ్వడానికి వచ్చి, ఆ మాట తానే ఎత్తింది.

“దీవెన టి.సి. తీస్కపాయె సార్. మీకు చెప్పనీకే వచ్చిండె గదా ఆ పొద్దు.”

“ఏం చెప్పడానికి?”

“వాళ్ళ నాయనకు కాలి మీద బండ పడింది సార్. సదువు మాన్పిస్తామనిరి. ‘మా సార్‌తో ఒక్క మాట ఫోన్‌లో చెప్పిస్తా, సార్ మాటైతే మా నాయన ఇంటాడు’ అని మీ కాడికి వచ్చింది. మీకు పనుండాదంట.”

ఆ సాయంత్రం కడపకు ఫోన్ చేశాను. ఇదంతా ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఇక్కడ ఎండ తగ్గలేదనీ, మెస్‌లో కూరలు బాగుండటం లేదనీ ఏదో మాట్లాడాను.

“విషయమేందో చెప్పండి. పప్పు పొయ్యి మీదుంది,” అంది నా భార్య.

విసుగేమీ లేదు ఆమె గొంతులో. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ నేను అన్న మాటే అది. “ఏమీ లేదులే,” అని పెట్టేశాను.

ఆదివారం బస్సెక్కి కోడుమూరు పోయి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ పల్లె చేరాను. ప్రార్థన అయి జనం ఇళ్ళకు పోతున్నారు. దీవెన తండ్రి ఏసోబు కట్టు కట్టిన కాలు చాపుకుని మంచం మీద ఉన్నాడు.

“వందనాలు సార్. ఇంత ఎండనపడి వస్తిరే. పాపా, సార్‌కు కుర్చీ ఎయ్యి.”

వాన గురించి మాట్లాడాం. కాలు గురించి మాట్లాడాం. నోటిదాకా వచ్చిన మాట మాటిమాటికీ వెనక్కి పోయింది. చివరికి దీవెనను మళ్ళీ పంపమని అడిగాను.

“ఇంగేడ పంపేది సార్? కోడుమూర్లో బట్టలంగట్లో చేరిపాయ. ఇంట్లో సంపాదించే చెయ్యి ఒకటన్నా ఉండాల గదా. అప్పుడే మీరొక మాట చెప్పింటే ఎట్లనో ఒగట్ల నెట్టుకొచ్చేవాళ్ళమేమో. సార్‌కు శానా పన్లుంటాయిలే నాయనా అనె పాప.” ఆయన నన్ను తప్పుపట్టడం లేదు. జరిగింది చెబుతున్నాడు, అంతే.

దీవెన వీధి చివరి దాకా వచ్చింది. “మీరేమనుకోవద్దు సార్. ముందే విషయం చెప్పేది నాకే రాలేదు.”

“తప్పు నాదమ్మా,” అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసి, “ఇదైతే మొదటి వాక్యంలోనే చెప్పినారు సార్,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆటో కదిలేదాకా ఆమె అక్కడే ఉంది.

మరుసటి ఏడు అడ్మిషన్లప్పుడు వాళ్ళింటికి ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. కొడుకు ఇంటర్‌లో చేరాడనీ, ఇద్దరినీ చదివించలేననీ అన్నాడు ఏసోబు. దీవెన ఆ అంగట్లోనే పని చేస్తోంది.

నేను ఇప్పటికీ టాపిక్ సెంటెన్స్ చెబుతాను. కాగితం మీద అది అవసరమే. మనిషి దగ్గర అడగకూడదని ఇంత వయసొచ్చాక తెలిసింది, అదీ ఒక అమ్మాయి చదువు పోయాక. ఇప్పుడు ఎవరొచ్చినా పెన్ను మూసి, కుర్చీ చూపిస్తాను. చాలామంది బస్సుల గురించో, హాస్టల్ సాంబారు గురించో మాట్లాడి లేస్తారు. “ఇంకేమన్నా ఉందా?” అని అడుగుతాను. దాదాపు అందరూ ఏమీ లేదనే అంటారు.

అలా అన్నవాళ్ళను ఇంకాసేపు కూర్చోమంటాను.