ముప్పై అంగుళాల టేపు

నా చిన్నప్పుడు పుట్టిన ఒక సందేహం నాకు యాభై ఏడేళ్లు వచ్చాక తీరింది. 1999 ఫిబ్రవరి 17, బుధవారం, ఉదయం పదిన్నరకు నేనూ మా అమ్మా రేడియో స్టేషన్ గేటు దాటి లోపలికి వెళ్లాం.

సందేహం ఇది: రేడియోలో మాట్లాడేవాళ్లకు దగ్గు రాదా? మాది మిరప పండే ఊరు. కళ్లాల్లో కాయలు ఎండే రోజుల్లో దగ్గని మనిషి ఉండేవాడు కాదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఒక వేసవంతా రేడియో విని లెక్కపెట్టాను. ఒక్క దగ్గూ లేదు. అమ్మనడిగితే, "వాళ్లూ మనుషులేగా. నీకు వినపడకుండా దగ్గుతారు" అంది. ఎలాగో తనకూ తెలియదు.

పల్లె పాటలు రికార్డు చేస్తామని స్టేషన్ నుంచి మా బడికి ఉత్తరం వచ్చింది. నేను అక్కడ లెక్కల టీచర్ని. అమ్మకు అప్పటికి డెబ్బై ఎనిమిది. ఆమెకు మిరపకోత పాట ఒకటి వచ్చు, పందొమ్మిది చరణాలు. సాలుకొక చరణం. ఏ చరణం పాడుతోందో వింటే కూలీలకు ఎన్నో సాలులో ఉన్నారో తెలిసేది. నేను ఆరో సాలుకల్లా బడి గంట విని పరిగెత్తేదాన్ని. ఏడో చరణం నుంచి ఏముందో నాకు తెలియదు. ఇంట్లో పాడమంటే, "కోత లేకుండా కోత పాటేమిటే" అని కసిరేది. అందుకే ఆ రోజు నాకంత ఆశ.

ఉన్నది ఒక్కటే స్టూడియో. ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు, కిటికీలు లేవు. గోడల నిండా చిల్లులున్న చెక్కలు. అమ్మ చప్పట్లు కొట్టి చూసి, "ఇదేంటే, గోడ చప్పుడును మింగేస్తోంది" అంది. అద్దానికి అవతల గదిలో పళ్లేలంత టేపు చుట్టలు తిరిగే యంత్రాలు. వాటిని నడిపే పెద్దాయన నా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. టేపు సెకనుకు ఏడున్నర అంగుళాలు నడుస్తుందట. నోటు పుస్తకంలో రాసుకున్నాను.

"మామ్మగారూ, బాగున్నవి రెండు చరణాలు పాడండి చాలు" అంది అనౌన్సరమ్మాయి.

"సాలు వదిలేసి సాలు కోస్తామా తల్లీ?" అంది అమ్మ. ఆ అమ్మాయి నవ్వి, పన్నెండు గంటల లోపు పాడినంత పాడమంది.

వట్టి చేతులతో వెళ్లకూడదని అమ్మ రెండు కిలోల కొత్త ఎండుమిరపకాయలు గుడ్డసంచిలో తెచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు. గుంటూరు యార్డులో కొనేవాళ్లకు చూపించినట్టు, మైకు ముందే నాలుగు కాయలు పటపటా విరిచింది. "గింజ చూడు తల్లీ. తెల్లబోయిన తాలు కాయ ఒక్కటి కూడా లేదు." ఆ తర్వాత, టేపు తిరగడం మొదలయ్యాక, పాట ఎత్తుకుంది.

ఏడో చరణం మొదటిసారి విన్నాను. ఎనిమిదోదీ విన్నాను. అప్పటికి ఆ మూసిన గదిలో, ఏసీ గాలికి, ఘాటు అందుకుంది. అమ్మ రెండుసార్లు దగ్గి, "ఓసినీ, నా కాయే నా మీద తిరగబడిందే!" అంది. అందరం బయటికి పరిగెత్తాం.

గాలి కాస్త తేరుకునేసరికి పన్నెండుకు పది నిమిషాలు. తొమ్మిదోది నుంచి అందుకోమంటే అమ్మ ఒప్పుకోలేదు. పాట ఆగితే మళ్లీ మొదటి సాలు నుంచే ఎత్తుకోవాలట. అంత సమయం లేదు. మధ్యాహ్నం కార్యక్రమం ఆ గదిలోంచే నేరుగా ప్రసారం కావాలి.

పన్నెండింటికి మేం యంత్రాల గదిలో, అద్దం ఇవతల నుంచి చూశాం. అనౌన్సరమ్మాయి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వాక్యం ముగించి, చెయ్యి బల్ల మీద పెట్టి, తల వంచి భుజాలదిరేలా దగ్గుతోంది. మా పక్కనున్న స్పీకరులో మాత్రం చిన్న మౌనం. మళ్లీ తేనెలాంటి గొంతు. పదకొండుసార్లు దగ్గింది. ఒక్కటీ వినపడలేదు.

"మైకు పక్కన మీట ఉందండి. నొక్కి పట్టుకుంటే మైకు మూగబోతుంది. దగ్గు మీట అంటాం" అన్నాడు పెద్దాయన.

దగ్గు మీట అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. అమ్మ మోచేత్తో పొడిచి, "చెప్పానా?" అంది, నేను నిన్ననే అడిగినట్టు.

తర్వాత పెద్దాయన టేపు చివర ఉన్న దగ్గూ మాటా తీసేయమంటారా అని అడిగాడు. తీసేయండి, పాట శుభ్రంగా ఉండాలి అన్నాను. బ్లేడుతో ఏటవాలుగా కోశాడు.

"దాన్నెందుకే కోయించడం? అదీ నేనేగా" అంది అమ్మ.

"వినేవాళ్లకు బాగుండదమ్మా" అన్నాను. ముక్క చుట్టలు చుట్టుకుంటూ చెత్తబుట్టలో పడింది.

మిగతా చరణాలకు పరీక్ష పేపర్లు దిద్దడం అయ్యాక, ఏప్రిల్ 26న వస్తామని చెప్పాను. అమ్మ ఏప్రిల్ 9న పోయింది. మే నెలలో స్టేషన్ వాళ్లు క్యాసెట్ ఇచ్చారు. పాట శుభ్రంగా ఉంది. అమ్మ మాట ఎక్కడా లేదు.

అప్పటినుంచి నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలను తప్పు చెరపనివ్వను. పైన ఒక్క గీత గీయండి, కింద ఏముందో కనపడాలి అంటాను. ఎందుకని వాళ్లడిగితే క్యాసెట్ పెట్టి వినిపిస్తాను.

ఆ రోజు లెక్క ఇది. దక్కినవి ఎనిమిది చరణాలు. పోయినవి పదకొండు చరణాలు, నాలుగు సెకన్లకు ముప్పై అంగుళాల టేపు, అందులో రెండు దగ్గులు, మా అమ్మ మాట్లాడిన ఒకే ఒక్క వాక్యం.