382 నంబరు బిళ్ళ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాశాక కూడా ఉండదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, తాయెత్తులు మాత్రం పంపకండి.

నేను అనంతపురంలో లెక్కల మాస్టారిని. ఏ ఊరెళ్లినా మెడలో బైనాక్యులర్స్ ఉంటాయి. కోలారు బంగారు గనులు మూతపడిన చాలా ఏళ్లకు, మేనత్త మనవరాలి పెళ్లికని నాన్నతో కేజీఎఫ్ వెళ్లి, ఆండర్సన్‌పేటలో మేనత్త ఇంట్లో దిగాం. నాన్న మునిరత్నం ఒకప్పుడు అక్కడి గనిలో పనిచేసినవాడే.

మర్నాడు పొద్దున ఏడింటికి పాత సమాధుల తోటకి వెళ్లాను. మనుషులు రాని చోట పిట్టలు బాగా ఉంటాయి. ఎండాకాలం, నేల బీటలు వారి ఉంది. తల మీద కుచ్చున్న కూకుడుగువ్వ ఒకటి నేలలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటోంది. మనం కాస్త కదిలినా ఎగిరిపోయే పిట్ట అది.

అది తాపీగా నడుచుకుంటూ వెళ్లి రెండు బూట్ల మధ్య నుంచి దూరి అవతలికి వచ్చింది. బైనాక్యులర్స్ పైకెత్తి చూశాను. సమాధి గట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెత్తిన గని టోపీ. బూట్ల నిండా తడి బురద.

"ఎవురి కొడుకప్పా నువ్వు?" అన్నాడు.

మునిరత్నం కొడుకునని చెప్పాను.

"మీ నాయన పైకి వచ్చేసినాడా? 382 బిళ్ళ బోర్డులో ఇంకా లేదు. కింద వెతకతానే ఉండాను. యాడా అగపడలేదు."

పాపం, మతి చెడిన పాత కార్మికుడు అనుకున్నాను. "వచ్చేశాడు, మా మేనత్త ఇంట్లో కాఫీ తాగుతున్నాడు" అన్నాను వేళాకోళంగా. నోట్‌బుక్‌లో పిట్ట పేరు రాసుకుని తలెత్తేసరికి ఆయన లేడు. పిట్ట అక్కడే ఉంది. మనిషి లేచి నడిస్తే అది ఉండదు.

ఇంటికెళ్లి నవ్వుతూ చెప్పాను. నాన్న నవ్వలేదు. వక్కాకు తిత్తి అడుగు నుంచి ఇత్తడి బిళ్ళ తీశాడు. 382.

గనిలోకి దిగే ప్రతివాడూ ఒక బిళ్ళ తీసుకుని, పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. బోర్డులో బిళ్ళ లేదంటే మనిషి కిందే ఉన్నట్టు. ఎవరో ఒకరు వెతకడానికి దిగాల్సిందే. నేను పుట్టిన రోజు, అమ్మకు నొప్పులని కబురొస్తే నాన్న పైకొచ్చి, బిళ్ళ జేబులోనే ఉంచుకుని ఇంటికి పరిగెత్తాడు. ఆయన కోసం ఆరోగ్యం అనే జతగాడు దిగాడు. మీద రాళ్లు పడి చనిపోయాడు.

"బిళ్ళ ఇచ్చేసినానని అబద్ధం చెప్పినాను. వాని సమాధి కాడికి ఒక్కనాడూ పోలేదురా" అన్నాడు నాన్న.

నా పుట్టినరోజున ఆయన అన్నం ఎందుకు ముట్టడో అప్పుడు తెలిసింది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఎవరో పాత కార్మికుడు నంబరు గుర్తు పెట్టుకున్నాడంటారు. సరే, ఒప్పుకుంటాను. ఆ ఎండల్లో తడి బురద ఎక్కడిది? పిట్ట ఎందుకు బెదరలేదు? తెలిసినవాళ్లుంటే చెప్పండి. నాకు మాత్రం ఈరోజుకీ తెలియదు, దయ్యమని మాత్రం ఒప్పుకోను.

ఆ సాయంత్రమే నాన్నను సమాధుల తోటకి తీసుకెళ్లాను. పొద్దున ఆ గని టోపీ ఆయన కూర్చున్న గట్టు మీద తమిళంలో చెక్కిన పేరు నాన్నే చదివాడు. ఆరోగ్యం. బిళ్ళ ఆ రాతి మీద పెట్టి, చాలా లోతుకు వినపడాలన్నట్టు గొంతెత్తి అన్నాడు.

"నేను పైకొచ్చేసినాను ఆరోగ్యం. ఇంగ వెతకొద్దు. నువ్వూ పైకి రాప్పా."