రాగసుధ హస్తవాసి

రాగసుధ చేయి వేస్తే వంగిన కరెంటు స్తంభం కూడా నిటారుగా లేచి నమస్కారం పెడుతుంది. కావాలంటే నందిగామలో, మందుల్లేకుండా చేతులతోనే ఒళ్ళునొప్పులు తగ్గించే ఆమె ఆస్టియోపతీ గది ముందు బెంచీ మీద కూర్చున్న ఎవరినైనా అడగండి. ఆ చదువులో కాగితం కింద తలవెంట్రుక పెట్టి, కళ్ళు మూసుకుని వేలికొసతో పట్టుకోమంటారట. ఆమె వేళ్ళకైతే పరుపు కింద దాచినా దొరుకుతుంది. నొప్పి ఉన్నచోట చటుక్కున చేయి వేయదు. ముందు మనిషిని నడిపించి, కూర్చోబెట్టి చూస్తుంది. అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది.

జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీ నడిపే శౌరయ్య ఓ రోజు నడుం పట్టుకుని వచ్చాడు. "స్టీరింగు వదిలెయ్యాల్సిందేనా మేడం? ఇంకో పని రాదండి నాకు," అన్నాడు. ఆమె కాళ్ళలో బలం, స్పర్శ పరీక్షించి, "నరాలకేం కాలేదండీ. వారం ఆగి లారీ ఎక్కొచ్చు," అంది. ఆ తర్వాత అతని పక్కటెముకల కింద అరచేయి ఆనించి, నిలబడే నిద్రపోయిందా అన్నంత నిశ్శబ్దంగా ఉండిపోయింది. కాసేపటికి శౌరయ్య గాలి తీసిన టైరులా బుస్సుమన్నాడు. పొద్దున భార్య పెట్టిన చెప్పుల బకిల్ ఈసారి తనే వంగి పెట్టుకున్నాడు. బయటి బెంచీకి వినబడేలా, "ఎముక టక్కున ఎక్కిందిరోయ్! ఈ చెవులతో విన్నా!" అని కేక పెట్టాడు. రాగసుధ తలుపు దాకా వచ్చి అంది: "ఎముకేం కదల్లేదండీ. భయంతో బిగపట్టిన ఊపిరి వదిలారు, అంతే."